మోకాళ్ళ లోతు

బాబాయి పోయాక ఆయన సామాను సర్దడానికి మొన్న చలికాలం చివర్లో హామిల్టన్ శివార్లలోని రోటోటూనా వెళ్ళాను. గుండె జబ్బుతో ఆస్పత్రిలో, పగటిపూట, పిన్ని చెయ్యి పట్టుకుని ఉండగా పోయాడాయన. గరాజ్‌లో గడ్డి కోసే మిషను వెనక, ఎండిపోయిన పెయింటు డబ్బాల మధ్య ఒక స్టీలు పోపుల డబ్బా కనిపించింది. మూత బిగుసుకుపోతే చెంచా కాడతో మీటి తీశాను. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఉండవలసిన గిన్నెల్లో చేపల్ని మోసం చేసే లూర్లు ఉన్నాయి. వేలెడంత వెండి రేకులు, వాటి మీద ఎర్రచుక్కలు, గిరగిర తిరిగే రెక్క ఉన్న ఇత్తడి ముక్కలు, ఒక గిన్నెలో వానపాముల్లా మెత్తగా ఉండే ప్లాస్టిక్ తోకలు. ఆ తోకలకి పట్టించిన సోంపు వాసన ఇంకా పోలేదు. పిన్ని వంగి చూసి, "నా డబ్బా ఇక్కడుందా," అని మాత్రం అంది. ఆ వాసన తగలగానే అరికాళ్ళ కింద నేల జారుతున్నట్టనిపించి పక్కనున్న షెల్ఫు పట్టుకుని నిలబడ్డాను. ఇరవయ్యేళ్ళ పైమాట. భోజనాలయ్యాక ఎవరైనా సోంపు పళ్ళెం నా వైపు జరిపితే ఇప్పటికీ పక్కవాళ్ళకి అందించేస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో చదువుకోవడానికి వచ్చి, పిన్నీ బాబాయిల ఇంట్లో ఉండేదాన్ని. మాది గోదావరి కాలవల మధ్య ఊరు. ఎటు చూసినా నీళ్ళే, అయినా మా ఇంట్లో ఆడపిల్లలెవరికీ ఈత రాదు. దానికి కారణం హాల్లో గోడ మీద ఫొటోలో, దండ వేసి ఉండేది. మా అమ్మకీ పిన్నికీ ఒక్కగానొక్క తమ్ముడు, నేను పుట్టకముందే కాలవలో పోయాడు. చిన్న మామయ్య అని చెప్పుకునేవాళ్ళం గాని, ఎలా పోయాడో ఎవరూ మాట్లాడేవారు కాదు. మాట్లాడకపోయినా ఆ భయం ఇంట్లో అందరి నడకలోనూ ఉండేది. స్కూలు నుంచి వచ్చేటప్పుడు వంతెన నడిమధ్యలో నడవాలి, పిట్టగోడ పక్కకి పోకూడదు. బిందె నిండుతున్న చప్పుడు ఆగిపోతే మా అమ్మమ్మ పనులన్నీ వదిలి నూతి దగ్గరికి వచ్చి చూసేది. అలా పెరిగిన నేను ఇన్ని సముద్రాలు దాటి వచ్చి, ఎటు పోయినా ఒక సరస్సు కనిపించే దేశంలో, నీళ్ళంటే పిచ్చి ఉన్న మనిషి ఇంట్లో పడ్డాను.

బాబాయిది అనంతపురం వైపు. వాళ్ళ ఊళ్ళో చెరువు నిండటమంటే జనమంతా కట్ట మీదికి వెళ్ళి చూసి వచ్చే సంగతి. బోరులో నీళ్ళు పడితే పేరంటం చేసినంత సందడి చేసేవారట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆయన్ని ముందు కొన్నాళ్ళు అమెరికా పంపింది. అక్కడ ఆఫీసు స్నేహితుడొకడు ఎండలు ముదరకముందే చెరువులకి తీసుకుపోయి, బాస్ అనే చేపని రకరకాల రేకులతో ఎలా రెచ్చగొట్టాలో నేర్పాడు. ఏ నీళ్ళకి ఏ రంగు, ఏ వెలుతురుకి ఏ రెక్క అన్నదే ఆయనకి తలకెక్కింది. తరవాత పిన్నిని తీసుకుని న్యూజీలాండ్ వచ్చేటప్పుడు ఆ రేకులన్నీ మూటగట్టి తెచ్చాడు. ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు వాటిని ఒక్కొక్కటే లైటు కింద పెట్టి చూస్తుంటే, తన పెళ్ళి చీరల పెట్టె కూడా అంత జాగ్రత్తగా చూడలేదని పిన్ని నవ్వుతూ చెప్పేది. ఇక్కడ బాస్ చేపలు లేవు, తెచ్చి వదలనివ్వరు కూడా. ఉన్నది ట్రౌట్. అదే రేకులు ట్రౌట్‌కి కూడా పనికొస్తాయని తెలిశాక ఆయన సంతోషానికి హద్దు లేదు.

చలికాలమంతా కొన్ని సరస్సుల్లో వేట నిషేధం. ఆ నెలల్లో బాబాయి గరాజ్‌లో హీటరు పెట్టుకుని కూర్చుని, గాలాల మొనలు సానపెట్టి, తుప్పు తుడిచి, రేకులకి గోళ్ళరంగు చుక్కలు పెట్టేవాడు. ఆ గోళ్ళరంగు నాదే. డబ్బా చాలక పిన్ని పోపుల డబ్బా తీసుకుపోయాడు. ఒక రోజు పప్పు పోపుకని ఆవిడ ఆ డబ్బా మూత తీసి, జీలకర్ర గిన్నెలో పురుగులనుకుని కేకపెట్టింది. తరవాత ఆ డబ్బా ఆవిడ వంటింటికి తిరిగి రాలేదు. ఇంట్లో చలికాలం ఆ సోంపు వాసనతోటీ, గోళ్ళరంగు ఘాటుతోటీ, తడిసిన ఉన్ని మేజోళ్ళ వాసనతోటీ గడిచేది. వీధి చివర కోఫై చెట్టుకి పసుప్పచ్చ పూలు వేలాడటం మొదలైతే పిన్ని మాటలు తగ్గించేది. అవి పూశాయంటే వేట తెరిచే రోజు దగ్గర పడినట్టే.

ఆ సీజను మొదటి వారాలే ఆయనకి ముఖ్యం. చలికాలమంతా మనిషి నీడ చూడని చేపలు, సన్న చేపపిల్లల్ని తరుముతూ ఒడ్డుకి దగ్గరగా వస్తాయి. వెండి రేకు విసిరి, కాస్త మునగనిచ్చి, లాగి, ఆపి, మళ్ళీ లాగితే దెబ్బతిన్న చేపపిల్లలా కొట్టుకుంటుంది. ఎండలు ముదిరాక చేపలు లోతుకి పోతాయి, పడవ లేనివాడికి దొరకవు. ఆ కొద్ది వారాలూ మేం శనివారం తెల్లవారుతూండగానే రోటోరువా సరస్సుల వైపు బయలుదేరేవాళ్ళం. మేం అంటున్నానంటే నా ఇష్టం మీద కాదు. పిన్ని పంపేది. శుక్రవారం సాయంత్రం చపాతీలు, బంగాళాదుంప వేపుడు కట్టిపెట్టి, ఫ్లాస్కు కడిగి బోర్లించి, నా గదిలోకి వచ్చి మంచం చివర కూర్చునేది. ఆయన మోకాళ్ళు దాటి నీళ్ళలోకి దిగకుండా చూడు అనేది. ఛాతీ దాకా వచ్చే ఆ రబ్బరు ప్యాంటు మీద నడుం బెల్టు బిగించుకున్నాడో లేదో చూడు అనేది. షాపువాడు బెల్టు లేకుండా నీళ్ళలోకి దిగొద్దని చెప్పిన మాట ఒక్కటే ఆ సామాను మొత్తంలో ఆవిడ గుర్తుపెట్టుకున్నది. మేం తిరిగి వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. రేడియోలో వాతావరణం వింటూ, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఉతికిన బట్టలే మళ్ళీ మళ్ళీ మడత పెడుతూ ఉండేదట.

అలా నీళ్ళంటే వణికే పిల్ల, నీళ్ళంటే భయం లేని మనిషికి కాపలా అయింది. ఆ సరస్సు అందం గురించి ఎవరైనా చెప్తే నేను కాదనను. తెల్లటి పొగమంచు, అవతల కొండ, గట్టు మీద గొర్రెపిల్లలు. నాకు మాత్రం కనిపించేది నీళ్ళలో ఉన్న ఒక గీత. ఒడ్డు నుంచి కొంత దూరం అడుగు కనిపించే లేత ఆకుపచ్చ. ఆ తరవాత ఒక్కసారిగా నల్లని నీలం. అక్కడ అడుగు తెగిపోయి లోతు మొదలవుతుంది. ఆ గీత వైపు చూడకూడదనుకుంటూనే, చూడకుండా ఉండలేకపోయేదాన్ని. అక్కడి ఇసుక మామూలు ఇసుక కాదు, ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన రాయి పొడి, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. బాబాయి దాని మీద నడుస్తూ, బొరుగుల మీద నడిచినట్లుండాది పాపా అని మురిసిపోయేవాడు. నేను పొడుగు కాడ ఉన్న చేతి వల పట్టుకుని పొడినేల మీద నిలబడి, నీళ్ళు ఆయన మోకాలి చిప్ప దాటగానే "బాబాయ్, మోకాళ్ళు," అని అరిచేదాన్ని. ఆయన వెనక్కి చూడకుండానే ఎడమ చెయ్యి ఊపి ఒకడుగు వెనక్కి వేసేవాడు. కాసేపటికి మళ్ళీ ముందుకి. నాకు మాత్రం ఒక్కొక్క శనివారమూ ఒక్కొక్క ఏడాదిలా గడిచేది.

ఒకసారి ఆయన్ని అడిగాను, ఒడ్డు మీంచి విసిరితే చాలదా అని. "కొండ కింద నుంచి నీళ్ళు ఊరికే వస్తాండాయి చూడు పాపా," అన్నాడు. "ఎవురూ మోటరేయల్యా, ఎవురూ కొట్లాడల్యా. ఇన్ని నీళ్ళ ముందర నిలబడి కాళ్ళు తడుపుకోకుండా ఎట్ల పోయేది?" ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం గుడిలో హారతి కళ్ళకద్దుకునే మనిషి ముఖంలా ఉంది. ఆ తరవాత వాదించలేదు. నా భయం ఏమీ తగ్గలేదు.

ఆ యేడు వేట తెరిచిన వారంలోనే వెళ్ళాం. రాత్రంతా కొండల్లో వాన పడి, పక్కన సరస్సులో కలిసే చిన్న వాగు బురదరంగులో ఉంది. వాగు కలిసే చోటికి ఇవతల ఒక కొయ్య పాతి ఉండేది. దానికి అవతల ఈకలతో కట్టిన గాలాలు వాడేవాళ్ళే వేటాడాలి, మాలాంటి రేకులవాళ్ళు ఇవతలే. అవతల ఒక పెద్దావిడ ఉంది, తెల్లజుట్టు మీద ఊలు టోపీ, ఊదారంగు స్వెటరు. ఆమె పేరు నైరీ అని తరవాత తెలిసింది. బాబాయి ముందు ఇత్తడి రేకు వేశాడు, తరవాత ఎర్రచుక్కల వెండి రేకు, తరవాత సోంపు వాసన తోక. ఏదీ పలకలేదు. నీళ్ళు మసకగా ఉన్నాయి, కంటికి ఆనేది కావాలని నల్లమచ్చల బంగారు రేకు కట్టాడు. దాన్ని విసిరిన కాసేపటికే గాలపు గెడ వంగి, దారం బిర్రున పాకింది. అంత పెద్ద చేప ఆయనకి అంతకు ముందెప్పుడూ పడలేదు. అది వాగు లాక్కుపోయే వైపు, నీలం గీత అవతలికి పరిగెత్తింది. ఆయన దాని వెంట నడిచాడు.

మోకాళ్ళు అని అరిచాను. ఈసారి చెయ్యి ఊపలేదు. తొడలదాకా వచ్చాయి నీళ్ళు. మళ్ళీ అరిచాను. "ఒక్కడుగే పాపా," అన్నాడు. ఆ అడుగు వెయ్యడం చూశాను. ఆయన కాలు జారలేదు. కాలి కింద గట్టే జారింది. పంచదార కుప్ప పక్కకి ఒరిగినట్టు, చప్పుడు లేకుండా, ఆకుపచ్చ నీళ్ళ అంచు విరిగి నీలంలోకి దిగిపోయింది, దానితోపాటు మనిషి కూడా. పైన టోపీ ఒక్కటే మిగిలింది. కేక లేదు, నీళ్ళు ఎగరడం లేదు. ఇంత పెద్ద సంగతి ఇంత నిశ్శబ్దంగా జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు.

తల పైకి వచ్చింది, టోపీ కన్నా చాలా దూరంలో. చేతులు నీళ్ళని కొడుతున్నాయి. వాగు వరద ఆయన్ని సరస్సు మధ్యకి తీసుకుపోతోంది. అమ్మా, అమ్మా అనడం వినిపించింది, మళ్ళీ మునిగాడు. నేను వల పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆ క్షణాల గురించి తరవాత చాలాసార్లు ఆలోచించాను. భయం అంటే గుండె దడ, చెమట అనుకుంటాం. అప్పుడు నాకవేవీ లేవు. నాకు శరీరమే లేనట్టుంది. కళ్ళ ముందు గోడ మీద చిన్న మామయ్య ఫొటో, దానికి వేసిన ప్లాస్టిక్ దండ మీద దుమ్ము కూడా స్పష్టంగా కనిపించాయి.

నైరీ కొయ్య దాటి ఒడ్డు వెంట వస్తూ ఆయనకేసి ఇంగ్లీషులో గట్టిగా చెప్తోంది, వెనక్కి వాలు, కాళ్ళు పైకెత్తు, ఈదకు అని. రోజంతా ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడే మనిషికి ఆ ఇంగ్లీషు ఒక్క ముక్క చెవికెక్కలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎవర్నీ చూడటం లేదు. ఆమె నా దగ్గరికి వచ్చి భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"అతనికి నేనర్థం కావడం లేదు," అంది. "మీ భాషలో చెప్పు. ఇప్పుడే చెప్పు."

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. ఆమె నా భుజం వదల్లేదు, తొందరపెట్టనూ లేదు. మూడో ప్రయత్నానికి నాది కాని గొంతు ఒకటి, మా అమ్మమ్మ గొంతులాంటిది, నాలోంచి బయటికొచ్చింది.

"బాబాయ్. వెల్లకిలా పడుకో. కాళ్ళు పైకి తియ్. ఈదొద్దు, ఊరికే పడుకో."

ఆయన తల ఇటు తిరిగింది. అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాను. పడుకో బాబాయ్, మంచం మీద పడుకున్నట్టు పడుకో. చేతులు కొట్టుకోవడం తగ్గింది. తల వెనక్కి వాలింది. రబ్బరు బూట్లు రెండూ నీళ్ళ మీదికి తేలాయి. నడుం దగ్గర బెల్టు బిగించి ఉండటం వల్ల లోపలి గాలి కాళ్ళని పట్టుకుని ఉంచింది. ఆకాశం కేసి చూస్తూ, నోరు తెరుచుకుని, ఒక దుంగలా తేలుతూ పోతున్నాడు. దూరం పెరుగుతూనే ఉంది. వాగు జోరు తగ్గే చోట అది తనంతట తనే వదిలేస్తుంది, కంగారుపడకు అని నైరీ చెప్పింది. ఆమె గొంతులోనూ వణుకు ఉంది. అది విన్నాక నాకు భయం ఇంకా ఎక్కువైంది.

ఒడ్డు వెంట మేమిద్దరం నడిచాం. నేను మాట్లాడటం ఆపలేదు. ఏం మాట్లాడానో అన్నీ గుర్తులేవు. పిన్ని చపాతీలు కట్టిందని చెప్పాను, చేతులు తెడ్లలా మెల్లగా ఆడించమని నైరీ అన్నది తెలుగులో చెప్పాను, నిద్రపోవద్దని చెప్పాను. వాగు ఆయన్ని వదిలిన చోట గాలి కాస్త ఒడ్డు వైపుకి ఉంది. అక్కడ గట్టు ముక్కులా లోపలికి పొడుచుకు వచ్చి ఉంది. నైరీ తన కర్ర గుచ్చి గుచ్చి నేల చూసుకుంటూ నడుం లోతు దిగి, వెనక్కి చెయ్యి చాచింది. ఆ చెయ్యి పట్టుకుని నేను కూడా దిగాను. ఆ చలి ముందు ఎముకలకి తగిలింది, తరవాతే చర్మానికి. నీళ్ళు నడుం దాటి పక్కటెముకల దాకా వచ్చాయి. అరికాళ్ళ కింద రాయిపొడి కదులుతోంది. నేను ఆమెని దాటి ఒక అడుగు ముందుకి వేశాను, ఆమె నా మణికట్టు వదల్లేదు. వల కాడ చివర పట్టుకుని చాచితే ఆయన వేళ్ళు వల అల్లికలో చిక్కుకున్నాయి. ఆ బరువు చేతికి తెలిసినప్పుడు నేను మొదటిసారి ఏడ్చాను.

ఒడ్డు మీద ఆయన ముఖం బూడిదరంగులో ఉంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. గెడ పోయిందని మాత్రం అన్నాడు. నైరీ తన కారులో హీటరు పెట్టి, తడిబట్టలు తీయించి, తన స్వెటరు ఆయనకి తొడిగింది. మా ఫ్లాస్కులో టీ ఆయన చేత గుక్క గుక్కగా తాగించింది. క్లినిక్‌కి తీసుకెళ్దామంటే వద్దని చేతులు ఊపాడు. ఆమె వినలేదు. ఊళ్ళో డాక్టరు చూసి, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోలేదని, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని చెప్పాకే మమ్మల్ని వదిలింది. ఆయన చేతులు స్టీరింగు పట్టే స్థితిలో లేవు. నాకు అప్పుడే కొత్తగా లైసెన్సు వచ్చింది, హైవే మీద ఎప్పుడూ నడపలేదు. కొండల మీద పొగమంచు, ఎదురుగా దుంగలు నింపుకున్న లారీలు. పక్క సీట్లో ఊదారంగు స్వెటర్లో బాబాయి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. నైరీ కారు కొండ దిగేదాకా మా వెనకే వచ్చింది. దాని లైట్లు అద్దంలో కనిపిస్తున్నంతసేపూ నడపగలిగాను. ఆమె వెనక్కి తిరిగిపోయాక కారు ఒక పక్కకి ఆపేశాను.

అప్పుడన్నాడు ఆయన, మీ పిన్నికి చెప్పొద్దులే పాపా అని. సరే అన్నాను. ఇద్దరికీ తెలుసు అది కుదరదని. ఇంటి ముందు కారాగేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. భర్త వంటి మీది ఆడవాళ్ళ స్వెటరు చూసింది, తరవాత నా ప్యాంటు చూసింది. అది ఇంకా ఆరలేదు. ఆవిడ నా దగ్గరికే ముందు వచ్చింది. కేకలు వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది, ఆయన పాదాలకి నువ్వులనూనె రాసింది, మిరియాల చారు కాచి ఇద్దరికీ పోసింది. తానూ అప్పుడే తాగింది. బాబాయి రెండు దుప్పట్లు కప్పుకుని నిద్రపోయాక, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది.

"తమ్ముడు పోయిన రోజున వాడితో ఎవరూ లేరే, సిరీ. బట్టలు రేవు మీద మడతపెట్టి ఉన్నాయట. మాకు తెలీదు. స్నేహితుడింటికి వెళ్ళుంటాడనుకుని అమ్మ అన్నం తీసి మూతపెట్టింది. మేం పేకాట కూడా ఆడుకున్నాం. మర్నాడు పొలానికెళ్ళేవాళ్ళెవరో చెప్తే తెలిసింది." గిన్నె మీద గుడ్డ ఆగింది. "నిన్ను ఆయనకి కాపలా అని పంపానా? నువ్వేం ఆపగలవు ఆయన్ని. ఏదైనా అయితే వెంటనే వచ్చి చెప్పే మనిషి ఒకరుండాలని పంపాను. కబురు తేవాల్సినదానివి నువ్వే దిగితే, ఇంక నాకెవరు చెప్తారు?"

ఇన్ని శనివారాలు ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసింది మా కోసం కాదు, నా ఒక్కదాని కోసం, నేను ఒంటరిగా రావడం కోసం అని అప్పుడు తెలిసింది. నీళ్ళలో నిలబడ్డప్పుడు కూడా నాకంత చలి వెయ్యలేదు.

మరుసటి వారం స్వెటరు ఉతికి, ఒక సీసా నిమ్మకాయ ఊరగాయతో నైరీకి ఇచ్చిరావడానికి పిన్ని కూడా వచ్చింది. సరస్సు దగ్గర కారు దిగలేదు. నైరీయే కారు దగ్గరికి వచ్చి, కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని, మీ ముగ్గురికీ ఈత రాదటగా అని అడిగింది. సోమవారం నేను క్లాసు నుంచి వచ్చేసరికి పిన్ని మా ముగ్గురినీ మునిసిపాలిటీ కొలనులో పెద్దవాళ్ళ ఈత తరగతిలో చేర్పించి వచ్చింది.

ఆ కొలను క్లోరిన్ వాసన, తడి గచ్చు, అరుపులు గోడలకి తగిలి తిరిగొచ్చే హోరు. పిన్ని బాబాయి టీషర్టు, నల్ల లెగ్గింగ్స్ వేసుకుని, మంగళసూత్రం లోపలికి దోపుకుని, నిచ్చెన కమ్మీ పట్టుకుని నిలబడేది. దిగిన ప్రతిసారీ పెదవులు కదిలేవి. నేర్పే పిల్లది నా ఈడే, ఓపికగా వీపు కింద చెయ్యి పెట్టి ఉంచేది. చిత్రమేమిటంటే, నీళ్ళంటే ప్రాణం పెట్టిన మనిషికి ఈత రాలేదు. బాబాయి ముఖం నీళ్ళలో పెట్టలేకపోయాడు. చెవుల్లోకి నీళ్ళు పోగానే ఒళ్ళు బిగుసుకుని లేచి నిలబడేవాడు. కొన్నాళ్ళకి గచ్చు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ తరవాత కూడా వేటకి వెళ్ళాడు గాని, చెక్క రేవుల మీంచే, లైఫ్‌జాకెట్ వేసుకునే విసిరేవాడు. పిల్లకాలవ దాటాలన్నా నా చెయ్యి పట్టుకునేవాడు. ఆయన పట్టు చూసి నాకు జాలి, దాని వెనకే భయం. భయం లేని మనిషి ఒకరు ఇంట్లో ఉండటం ఎంత ఆసరానో ఆ మనిషి కూడా భయపడటం మొదలుపెట్టాక తెలిసింది.

పిన్నికి మాత్రం వచ్చింది. ఒక చలికాలపు సాయంత్రం ఆ పిల్ల చెయ్యి తీసేసిందని తెలియకుండానే వెల్లకిలా తేలుతూ ఉండిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాయి. గచ్చు మీద బాబాయి లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు నాకు అప్పటి పిన్ని వయసు దాటిపోయింది. ఆక్లాండ్ దగ్గర హాబ్సన్‌విల్‌లో ఇల్లు, కిటికీలోంచి ఉప్పునీటి పాయ కనిపిస్తుంది. అప్పట్లో సరస్సు దగ్గర ఫోనుకి సిగ్నలు ఉండేది కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళకి గుమ్మమే దిక్కు. ఇప్పుడు మా అమ్మాయి తార ఎక్కడుందో ఫోనులో చుక్కై కనిపిస్తుంది. ఆ చుక్క కదలకపోతే భయం, కదిలితే భయం. దానికి నడక, ఈత దాదాపు కలిసే వచ్చాయి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఇంగ్లీషు. వాళ్ళ తాతయ్య కథ చెప్తే, ఫ్లోట్ అవ్వడం తెలీదా ఆయనకి అని ఆశ్చర్యంగా అడిగింది. తెలీదమ్మా, మాకెవరికీ తెలీదు అన్నాను. అది నా కేసి జాలిగా చూసింది. నాకు మాత్రం దాన్ని చూస్తే అసూయ లేదు. ఇంత ధైర్యం ఎక్కడికి తీసుకుపోతుందోనన్న బెంగ ఉంది. బాబాయికి కూడా ధైర్యమే ఉండేది. గుండెకి మందులు సరిగ్గా వేసుకున్నాడా లేదా అని ఆఖరి రోజుల్లో ఎవరమూ అంతగా భయపడలేదు. మా భయమంతా నీళ్ళ వైపే కాపలా కాసింది.

గరాజ్ సర్దాక పిన్నిని కొన్నాళ్ళు నా దగ్గర ఉండమని తెచ్చుకున్నాను. మా ఇంటికి దగ్గర్లో ఫెర్రీలు ఆగే రేవుంది. ఎండ కాస్త ముదరగానే పిల్లలంతా దాని మీంచి నీళ్ళలోకి దూకుతారు. మొన్న ఆదివారం ముగ్గురం నడుస్తూ అటు వెళ్ళాం. తార తువ్వాలు నా చేతిలో పెట్టి, రేవు అంచు మీదికి వెళ్ళి నిలబడింది. పోటు మీదుంది నీరు, అడుగు కనిపించడం లేదు. వద్దు అనే మాట నా నోటి చివరిదాకా వచ్చింది. అది మా ముఖాలు చూసి ఆగింది. నన్ను అడగలేదు, పిన్నిని అడిగింది, తనకొచ్చిన తెలుగులోనే.

"అమ్మమ్మా, నీకు భయమా?"

పిన్ని నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"భయమేనమ్మా," అంది. "దూకు."

తార దూకింది. నీళ్ళు దాని మీద మూసుకున్నాయి. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాని తల పైకి వచ్చేదాకా ఆ చోటే చూస్తూ నిలబడ్డాం.